‘ఫోర్ బై ఫోర్ ఒక్కసారి కూడా వాడలేదు సార్’: పాత పికప్ కోసం తిరిగిన నా అనుభవం

మా చేనుకి వెళ్లే బాట తారు రోడ్డు నుంచి కిలోమీటరున్నర ఉంటుంది. ఎండాకాలంలో దాని మీద స్కూటీ కూడా హాయిగా పోతుంది. గట్టి వాన ఒక్కటి పడిందంటే మాత్రం రెండు మూడు రోజులు మనిషి నడవడమే కష్టం. తాండూరు వైపు నల్లరేగడి అది. తడిస్తే ఉబ్బుతుంది, జిగురులా పట్టుకుంటుంది. అడుగు తీస్తే కాలు వస్తుంది, చెప్పు రాదు. టైరు గాడులన్నీ మట్టితో పూడుకుపోయి నున్నగా అయిపోతాయి. ఆ తర్వాత స్టీరింగ్ ఎటు తిప్పినా బండి దానికి నచ్చిన వైపే పోతుంది.

2024 ఆగస్టులో ఒక శనివారం మా చిన్న కారు ఆ బాటలో సగం దూరంలో దిగబడింది. డిక్కీలో డ్రిప్ పైపుల చుట్ట, వెనక సీట్లో అమ్మ. ఎంత రేజ్ చేస్తే అంత లోపలికి దిగింది. పక్క చేను ఆయన ట్రాక్టర్ తెచ్చి గొలుసు కట్టి లాగితే ముందు బంపర్ ఒక పక్క ఊడి వచ్చింది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఆ బురదలో ముప్పావు కిలోమీటరు నడిచింది. రాత్రి అన్నం తింటూ నాయిన ఒక్క మాట అన్నాడు. "నువ్వు వస్తే రా, లేకుంటే పాయె. గిసొంటి వానల అమ్మను మాత్రం తీస్కరాకు."

నాయినకి 68 ఏళ్లు. ఏడెకరాలూ తనే చూసుకుంటాడు, ఎక్కువ కందే. తాండూరు కందికి 2022లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పుడు పేపర్ కటింగ్ తీసి దాచుకున్న మనిషి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు వెళ్లి చేతనైంది చేస్తాను. జూన్‌లో విత్తనం, ఆ తర్వాత కలుపు, మందులు, అంతా వానాకాలంలోనే. సరిగ్గా మా అవసరం ఉన్న రోజుల్లోనే ఆ బాట మూసుకుపోతుంది. నాయిన మాట నాకు బాగా గుచ్చుకుంది. మర్నాడు తిరిగొస్తూ చేవెళ్ల మర్రిచెట్ల కింద ఆగి టీ తాగుతున్నప్పుడు, ఫోర్ వీల్ డ్రైవ్ (ఫోర్ బై ఫోర్, అంటే ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ అందేది) ఉన్న పాత పికప్ ఒకటి కొనాలని నిర్ణయించుకున్నాను.

కొత్తది అనవసరం. వారంలో ఐదు రోజులు అపార్ట్‌మెంట్‌లో నిలబడి రెండు రోజులు పనిచేసే బండి అది. బడ్జెట్ అన్నీ కలిపి 10 లక్షలు. నలుగురు కూర్చోవాలి, వెనక ఎరువు బస్తాలు పట్టాలి, బురదలో పోవాలి, పోను రాను 200 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు మీద అమ్మకి నడుము నొప్పి రాకూడదు. థార్, జిప్సీ లాంటివి బురదకి బ్రహ్మాండంగా ఉంటాయి కానీ బస్తాలు ఎక్కడ వేస్తాం? టయోటా హైలక్స్ పికప్ మన దేశానికి వచ్చిందే 2022లో, దాని ధర మా లెక్కలో పట్టదు. అలా తీసేసుకుంటూ పోతే నాలుగు మిగిలాయి.

బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్ డ్రైవ్ మొండిది, ఏ ఊళ్లో ఆగినా బాగుచేసేవాడు దొరుకుతాడు. కానీ నేను చూసినవన్నీ పసుపు ప్లేటు బళ్లే. ట్రాన్స్‌పోర్ట్ బండి అయితే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్లాలి. వారాంతం బండికి ఆ తిప్పలు వద్దనుకున్నాను. టాటా జెనాన్ ఫోర్ బై ఫోర్ ఒకటి ఫ్రెండ్‌ది నడిపి చూశాను, నడక నచ్చింది. అయితే ఆ మోడల్ ఆగిపోయి చాలా కాలమైంది, ముందు యాక్సిల్ సామాన్లు కావాలంటే వెతుక్కోవాల్సిందేనని మెకానిక్ చెప్పాడు. మూడోది మహీంద్రా స్కార్పియో గెటవే. నా మనసు మొదట దీని మీదే ఉంది. 2.2 లీటర్ల ఎమ్‌హాక్ ఇంజన్, స్కార్పియో సామాన్లే సరిపోతాయి, తాండూరులో కూడా దొరుకుతాయి. చిక్కల్లా వయసు. మార్కెట్‌లో ఉన్న ఫోర్ బై ఫోర్ గెటవేలు చాలావరకు 2010 నుంచి 2014 మధ్యవి. సొంత బండి ఆర్సీ 15 ఏళ్లకే కదా ఇస్తారు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. 2011 బండి కొనుంటే అప్పటికి ఇంకో ఏడాదిన్నరలో మళ్లీ ఆర్టీఏ మెట్లెక్కాల్సి వచ్చేది.

నాలుగోది ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్. 2016లో వచ్చింది, తయారయ్యేది మన శ్రీసిటీలోనే. 2.5 లీటర్ల డీజిల్, ఐదు గేర్లు, 134 హార్స్‌పవర్. గేర్ లివర్ దగ్గర చిన్న గుండ్రటి నాబ్ ఉంటుంది: టూ హై (వెనక రెండు చక్రాలే), ఫోర్ హై (నాలుగు చక్రాలు, మామూలు వేగం), ఫోర్ లో (నాలుగు చక్రాలు, తక్కువ వేగం, ఎక్కువ లాగుడు). పొడవు మాత్రం 5.3 మీటర్లు. టేపు పట్టుకుని మా పార్కింగ్ కొలిస్తే 16 అడుగులు, బండేమో 17 అడుగుల పైన. చివరికి గోడ మూలనున్న స్లాట్‌తో మాది మార్చుకోవడానికి ఒక పెద్దాయన ఒప్పుకున్నారు. పికప్ కొనాలనుకునేవాళ్లు ఈ పని మొట్టమొదట చెయ్యండి. బండి కొన్నాక టేపు తీస్తే లాభం లేదు.

ఏ మోడల్ అన్న దాని మీద నేను నెల రోజులు బుర్ర పాడుచేసుకున్నాను. తర్వాత తెలిసింది ఏంటంటే, ఎనిమిది పదేళ్లు దాటిన ఫోర్ బై ఫోర్‌లో మోడల్ కంటే అది ఎవరి చేతిలో ఎలా తిరిగిందన్నదే ముఖ్యం. ఆ ముక్క నాకు నేర్పింది అత్తాపూర్‌లో పాత జీపులు బాగుచేసే ఒక భాయ్. బండి చూడటానికి వచ్చినందుకు 1,500 తీసుకునేవాడు. నేను ఈ మొత్తం వ్యవహారంలో పెట్టిన ఖర్చులో ఇంత విలువైనది ఇంకోటి లేదు. ఒక టార్చి, కింద పరుచుకోవడానికి ఒక అట్టముక్క, ఒక జాకీ, జేబులో చిన్న అయస్కాంతం, ఇవే ఆయన సామాను.

మొదటి బండి హైదరాబాద్‌లోనే. 2013 మోడల్ డబుల్ క్యాబ్. నల్లగా మెరిసిపోతోంది, పెద్ద టైర్లు, ముందు లావుపాటి బుల్ బార్, పైన లైట్ల వరస. (బుల్ బార్లు పెట్టకూడదని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది. గుద్దినప్పుడు ఎదుటివాళ్లకీ ప్రమాదం, మన ఎయిర్‌బ్యాగులకీ ఇబ్బంది.) ఓనర్ ఎంతో గర్వంగా, "ఫోర్ బై ఫోర్ ఒక్కసారి కూడా వాడలేదు సార్, కొత్తదానిలా ఉంటుంది" అన్నాడు. నాకు సంతోషం వేసింది. భాయ్ ముఖంలో మాత్రం మార్పు లేదు. "వాడకుంటే ఎట్ల తెలుస్తది సార్, పని చేస్తదో లేదో?" అన్నాడు మెల్లగా.

అప్పుడు ఆయన చేసిన పరీక్ష మీకు వివరంగా చెప్పాలి, దీనికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు ఒక చక్రాన్ని జాకీతో నేల మీంచి లేపాడు. టూ వీల్‌లో ఉన్నప్పుడు చేత్తో తిప్పితే అది తిరిగింది. కిందికి దించి, ఫోర్ హై పెట్టించి, బండిని ఖాళీ స్థలంలో పది అడుగులు కదిపించి, మళ్లీ లేపాడు. ఇప్పుడు ఆ చక్రం తిరగకూడదు. ఫోర్ వీల్ పడితే ముందు చక్రాలను తిప్పే షాఫ్టూ వెనక చక్రాలను తిప్పే షాఫ్టూ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. వెనక చక్రాలు నేల మీదే ఉన్నాయి, ముందు రెండో చక్రమూ నేల మీదే ఉంది, కాబట్టి గాల్లో ఉన్నది కూడా బిగుసుకుపోవాలి. మా ముందున్న బండి చక్రం మాత్రం ఫ్యాన్‌లా తిరుగుతూనే ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఫోర్ బై ఫోర్ లైట్ ఆరుతూ వెలుగుతూ ఉంది తప్ప నిలబడలేదు.

ఎందుకిలా అవుతుందో కూడా భాయ్ చెప్పాడు. నాబ్ తిప్పితే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) మీదున్న చిన్న మోటారు లోపలి ఫోర్కును జరుపుతుంది. ఏళ్ల తరబడి జరగకపోతే అది ఉన్నచోటే బిగుసుకుపోతుంది. సీళ్లు ఎండుతాయి. వాడటం లేదు కదా అని ముందు డిఫరెన్షియల్ (మలుపులో చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఆయిల్ ఎవరూ మార్చరు. ఆ బండికి పదకొండేళ్లుగా మార్చినట్టు లేదు. విప్పితే గానీ ఖర్చు ఎంతో చెప్పలేనన్నాడు. అడిగిన ధర 6,75,000. దండం పెట్టి వచ్చేశాం. ఆ తర్వాత ఫోన్లో ఎవరు "ఫోర్ బై ఫోర్ వాడనే లేదు" అన్నా నాకు ఆ గిర్రున తిరిగిన చక్రమే గుర్తొచ్చేది.

రెండోది ఢిల్లీ బండి, 2016 వి-క్రాస్, 6,90,000. ఇక్కడి ధరల కంటే రెండు లక్షల పైనే తక్కువ. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగకూడదని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 2015లో ఆదేశాలిచ్చింది కాబట్టి, ఆ గడువు దగ్గరపడ్డ బళ్లు అప్పట్లో చవగ్గా దక్షిణాదికి వస్తుండేవి. కాగితం మీద లెక్క వేశాను. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ట్రక్కు మీద రవాణా, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, రీ-రిజిస్ట్రేషన్, ఏజెంటు. తేడా లక్షలోపుకు దిగింది. పైగా కళ్లతో చూడకుండా టోకెన్ కట్టమంటున్నారు. కింద పడుకుని చూడకుండా కొనేది లేదని అప్పటికే ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఆలోచించే పని లేకపోయింది.

మూడో బండి విజయవాడలో. ఇది చెప్పాలంటే మనసుకి కష్టంగా ఉంటుంది. 2017 మోడల్, తిరిగింది తక్కువ, ధర ఇంకా తక్కువ. డిసెంబర్‌లో రైలెక్కి వెళ్లాను, భాయ్‌కి కుదరక రాలేదు. బండి శుభ్రంగా ఉంది, సీట్ కవర్లు కొత్తవి, లోపల అగరొత్తుల వాసన ఘాటుగా కొడుతోంది. భాయ్ ఫోన్లో, "సార్, సీట్ బెల్ట్ మొత్తం బయటికి గుంజు, ఆఖరి దాకా" అన్నాడు. గుంజాను. మామూలుగా వాడినంత మేర బెల్టు నల్లగా బాగానే ఉంది. ఇంకా లాగితే, రీలు లోపల చుట్టుకుని ఉండే భాగం మీద అడ్డంగా ఒక గోధుమరంగు చార, దానికింద అంతా పొడిబారిన ఒండ్రు. వేలితో రుద్దితే పౌడర్‌లా రాలింది. సీటు కింద బోల్టులకు తుప్పు. ఫ్యూజ్ బాక్స్ మూత తీస్తే పిన్నులకు పచ్చటి చిలుము.

2024 సెప్టెంబర్ ఒకటిన బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ అంతా మునిగినప్పుడు ఈ బండీ మునిగిందన్నమాట. ఓనర్‌ని అడిగితే మొదట కాదన్నాడు. తర్వాత తల దించుకుని, "ఇంట్లో సామానంతా పోయింది సార్, ఇదన్నా అమ్ముకుందామని" అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు. కానీ మునిగిన బండి వైరింగ్ ఏ రోజు ఎక్కడ మొరాయిస్తుందో చెప్పలేం. రాత్రిపూట పొలం మధ్యలో అమ్మానాయినలతో దాన్ని నమ్ముకుని ఉండలేను. ఆయన టీ తెప్పించారు, తాగి వచ్చేశాను. హైదరాబాద్‌లో కూడా 2020 అక్టోబర్ వరదల్లో బోలెడు బళ్లు మునిగాయి, కాబట్టి ఎక్కడ కొన్నా సరే సీట్ బెల్ట్ మాత్రం చివరిదాకా లాగి చూడండి.

సంక్రాంతి తర్వాత అచ్చంపేట దగ్గర ఒక బండి ఉందని తెలిసినవాళ్లు చెప్పారు. 2017 వి-క్రాస్, ఫస్ట్ ఓనర్, తెలంగాణ రిజిస్ట్రేషన్, లక్షా 12 వేల కిలోమీటర్లు. ఫొటోలు చూస్తే ఏ మాత్రం బాగాలేదు. డోర్ల మీద ముళ్లకంపలు గీసిన గీతలు, వెనక ట్రే అంతా సొట్టలు, డ్రైవర్ సీటు కుట్లు ఊడి స్పాంజి కనిపిస్తోంది. మా ఆవిడ ఫొటో చూసి, "ఇదా? ఎనిమిది లక్షల పైన పెట్టి దీన్నా?" అంది. భాయ్‌కి పంపితే మాత్రం, "రేపు పొద్దున్నే పోదాం. ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు" అని మెసేజ్ పెట్టాడు.

వేడెక్కిన డీజిల్ ఇంజన్ చాలా లోపాలను దాచేస్తుందట. అందుకే చల్లటి ఇంజన్ మీద చెయ్యి వేసి చూశాకే సెల్ఫ్ కొట్టమన్నాడు. ఒక్కసారికే అందుకుంది. ఒక చిన్న నల్లటి పొగ వచ్చి ఆగిపోయింది. తెల్లపొగ ఆగకుండా వచ్చినా, నీలంగా వచ్చినా వెనక్కి తిరిగేవాళ్లం. తర్వాత ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని తలకిందులుగా ఆ రంధ్రం మీద ఊరికే పెట్టాడు. అది కొద్దిగా వణికింది, ఎగిరి పడలేదు. బ్యాక్ కంప్రెషన్ లేదని దానర్థం. రింగులు అరిగిన ఇంజన్ అయితే మూతను తోసేస్తుంది.

బండి ఓనర్ రిటైరైన టీచర్. అడవి అంచున పల్లీ చేను, మామిడి తోట ఉన్నాయి. పిల్లలు అమెరికాలో, మోకాలి ఆపరేషన్ అయింది, క్లచ్ తొక్కలేకపోతున్నారు. అదీ అమ్మడానికి కారణం. ఆయన లోపలికి వెళ్లి ఒక రూళ్ల నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టారు. కొన్న రోజు నుంచీ రాసుకున్నారు, తేదీ, కిలోమీటర్లు, పోయించిన ఆయిల్, మార్చిన సామాను, ఇచ్చిన డబ్బు. గుండ్రటి అక్షరాలు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక లైను తప్పకుండా ఉంది: "ఫోర్ లో, చెరువు కట్ట దాకా." ఎనిమిదేళ్లు. మధ్యలో కరోనా లాక్‌డౌన్ నెలల్లో కూడా ఆ లైను ఆగలేదు.

"ఎందుకు సార్ ప్రతి నెలా?" అని అడిగాను.

"కొన్న రోజు షోరూమ్ అబ్బాయి చెప్పిండు బిడ్డా, నెలకోసారన్నా వెయ్యాలె, లేకుంటే పట్టేస్తదని. చెప్పింది చెయ్యాలె కద" అన్నారాయన.

భాయ్ అట్ట పరిచి కిందికి దూరాడు, నన్నూ రమ్మన్నాడు. చాసీ పొడవునా టార్చి వేసుకుంటూ వెళ్లాం. వెల్డింగ్ అతుకులు గానీ, క్యాబిన్ వెనకభాగంలో వంకర గానీ లేవు. ఇసుక, కంకర తోలిన బండ్లకు అక్కడే తెలిసిపోతుందన్నాడు. వెనక కమాన్ కట్టలు లెక్కపెట్టాడు. అదనంగా ఒక పట్టీ వేయించి ఉంటే మితిమీరిన లోడ్ మోసిందని గుర్తు, అది లేదు. డిఫరెన్షియల్ లెవెల్ బోల్టు విప్పి చిటికెన వేలు లోపల పెట్టి తీశాడు. ఆయిల్ తేనె రంగులో ఉంది. పాలకాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టు, వెండి పొడిలా మెరిస్తే పళ్లు అరుగుతున్నట్టు. వేళ్ల మధ్య రుద్ది నా వేలికి కూడా రాశాడు, నువ్వూ చూసి నేర్చుకో అన్నట్టు. దొరికిన లోపాలు రెండు. వెనక షాఫ్ట్ క్రాస్ (షాఫ్ట్‌ను కలిపే కీలు) కొద్దిగా లూజు. ముందు కింది ఆర్మ్ బుష్‌లు (కుదుపు తీసుకునే రబ్బరు ముక్కలు) చిట్లాయి. టైర్లు నాలుగూ ఒకే కంపెనీవే, సమానంగా అరిగాయి, కానీ మార్చాల్సిందే.

టైర్లు సమానంగా అరగడం ఎందుకు ముఖ్యమో ఒక్క మాట. ఈ రకం బళ్లలో ముందూ వెనకా మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్ వీల్‌లో పెడితే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరగాల్సిందే. ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి ఉంటే చుట్టుకొలతలు తేడా వచ్చి ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. పొడి తారు రోడ్డు మీద ఫోర్ హైలో మలుపు తిప్పినా ఇదే జరుగుతుంది. మట్టిలో అయితే టైరు కాస్త జారి ఆ ఒత్తిడి తీరిపోతుంది. అందుకే చెరువు కట్ట మీదికి తీసుకెళ్లి అక్కడ పరీక్షించాం. ఆపి, న్యూట్రల్ చేసి, ఫోర్ లో తిప్పాను. లైట్ రెండు మూడుసార్లు ఆరి వెలిగి నిలిచిపోయింది. మొదటి గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కకుండానే బండి కట్ట వాలు ఎక్కుతుంటే లోపల ఒక్క టకటక శబ్దం లేదు. జాకీ పరీక్షలో చక్రం రాయిలా నిలబడింది. భాయ్ నా వైపు చూసి తలూపాడు, అంతే.

సార్ 9,50,000 అన్నారు. టైర్లు, బుష్‌లు, క్రాస్ ఖర్చు లెక్కగట్టి చూపిస్తే ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అంకె సరిచూసి, 8,75,000కి ఒప్పుకున్నారు. బేరం అరగంటలో అయిపోయింది. కాగితాలకే ఎక్కువ టైం పట్టింది. ఆర్సీ మీద ఇంకా ఫైనాన్స్ ఉన్నట్టే చూపిస్తోంది. సార్ లోన్ ఎప్పుడో 2021లో తీర్చేశారు, కానీ ఫారం 35 (లోన్ తీరిందన్న కాగితం) తీసుకెళ్లి ఆర్సీలో ఫైనాన్స్ వాళ్ల పేరు తీయించుకోలేదు. మళ్లీ ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఎన్‌ఓసీ తెచ్చుకోవడానికి మూడు వారాలు తిరిగాం. ఒకరోజు సంతకం చేసేవాళ్లు లేరు, ఒకరోజు సీలు లేదు. నాకు టెన్షన్ మామూలుగా లేదు, ఈలోగా ఇంకెవరైనా ఎక్కువిస్తామంటే? "నీకు మాటిచ్చిన కద బిడ్డా" అని సార్ ప్రతిసారీ ఫోన్లో అనేవారు. పాత బండి చూసేటప్పుడు ఇంజన్ కంటే ముందు ఆర్సీలో ఫైనాన్స్ గడి చూడండి. అది తేలాక బండి పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకాలు, స్లాట్ బుకింగ్, ఇన్సూరెన్స్ నా పేరుకి మార్పించడం (దానికి 14 రోజుల గడువు ఉంటుంది), ఇవన్నీ మామూలుగానే జరిగిపోయాయి.

బండి ఇంటికొచ్చాక ఐదు ఆయిళ్లూ మార్పించాను: ఇంజన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు, వెనక డిఫరెన్షియల్. నోట్‌బుక్‌లో అన్నీ ఉన్నా, మన లెక్క మనం మొదలుపెట్టుకోవడం మంచిదని భాయ్ సలహా. నాలుగు ఆల్ టెరైన్ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే) టైర్లు, బుష్‌లు, క్రాస్, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, సీటు కుట్టించడం, మొత్తం 1,06,000. బడ్జెట్‌లో 19 వేలు మిగిలాయి. డోర్ల మీద గీతలు అలాగే ఉంచేశాను. టింకరింగ్, పెయింటింగ్ చేయిస్తే మళ్లీ మా బాట పక్క తుమ్మలు గీస్తాయి.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఇబ్బందులూ ఉన్నాయి. ట్రే ఖాళీగా ఉంటే వెనక ఎగురుతుంది, కమాన్ కట్టల బండి ఏదైనా అంతే. అందుకని అమ్మ ముందు సీటే. సిటీలో యూటర్న్ ఒక్క తిప్పులో కాదు. వారమంతా నిలబడితే బ్యాటరీ దిగుతుందని బుధవారం రాత్రి అరగంట ఔటర్ సర్వీస్ రోడ్డు మీద తిప్పుతాను. ఫోర్ బై ఫోర్ ఉంది కదా అని ఏ బురదలోకైనా పోవచ్చనీ కాదు. రేగడి టైరు గాడుల్లో నిండిందంటే రెండు చక్రాలకు బదులు నాలుగు జారతాయి, అంతే తేడా. మడ్ టెరైన్ టైర్లు మట్టిని బాగా విదిలిస్తాయి గానీ, నేను నడిపేది ఎక్కువ తారు రోడ్డు మీదే కాబట్టి వేయించలేదు. కుండపోత పడితే ఇప్పటికీ ఒకరోజు ఆగే వెళ్తాం. వెళ్లేముందు టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తాను, తిరిగి పట్టడానికి చిన్న పంపు సీటు కింద ఉంటుంది.

2025 జూన్‌లో విత్తనాల వారం. రాత్రంతా వాన పడి తెల్లవారుజామున ఆగింది. మధ్యాహ్నానికి బాట దగ్గరికి చేరాం. పోయినేడాది కారు దిగబడిన చోట నీళ్లు నిలిచి ఉన్నాయి. ట్రేలో నాలుగు ఎరువు బస్తాలు, పక్కన అమ్మ. ఆపి, న్యూట్రల్, ఫోర్ లో. లైట్ నిలిచాక రెండో గేర్‌లో వేసి, బ్రేక్ మీద కాలు పెట్టకుండా, వేగం పెంచకుండా అలాగే వదిలాను. వెనక భాగం ఒకటి రెండుసార్లు పక్కకి జారింది, మళ్లీ తనే దారిలోకి వచ్చింది. చక్రాల కింద మట్టి చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. అమ్మ డ్యాష్‌బోర్డు మీది హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, నీళ్ల గుంట దాటాక గానీ వదల్లేదు. కిలోమీటరున్నరకి పన్నెండు నిమిషాలు పట్టింది.

నాయిన గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. బండి ఆగాక దగ్గరికొచ్చి డోర్ తీసి అమ్మ దిగడానికి చెయ్యి ఇచ్చాడు. ఆమె పాదాల వైపు చూశాడు. చెప్పులకి మట్టి అంటలేదు.

"బస్తాలు దించు మరి, మళ్ల మబ్బు పడుతున్నది" అన్నాడు నాతో.